ఉగ్రవాదం పుస్తకాల కోసం చిక్కడపల్లి దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో మొదటి ప్రశ్న బిర్యానీ గురించే. ఈసారి అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను. బిర్యానీ తినలేదు, చార్మినార్ చూడలేదు, ముత్యాల కొట్ల వైపు తొంగి కూడా చూడలేదు. ఉన్న మూడు రోజులూ నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ మధ్యే తిరిగాను. అదీ ఉగ్రవాదం మీద పుస్తకాల కోసం. ఈ ఆఖరి మాట విన్నాక మా పక్కింటావిడ పెరుగు తోడుకి రావడం మానేసింది.

సంగతేమిటంటే, కాలేజీలో తెలుగు చెప్పుకునే రోజుల్లో నేనొక నవల రాశాను. పేరు ‘ఎదురెదురు గుమ్మాలు’. ఒక వీధిలో ఎదురెదురుగా రెండిళ్ళు. బజార్లో బాంబు పేలి ఒక ఇంటి అమ్మాయి చనిపోతుంది. ఆ బాంబు పెట్టినవాళ్ళలో ఎదురింటి కుర్రాడున్నాడని తర్వాత తెలుస్తుంది. పిల్ల పోయిన తల్లి కమలమ్మ, ఆ కుర్రాడి తల్లి సరోజ. ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవాలి. కథ అంతే. అచ్చయినప్పుడు నలుగురు బాగుందన్నారు, ఆ నలుగురిలో ముగ్గురు చుట్టాలు.

ఇన్నేళ్ళకి ఒక ప్రచురణకర్త, ఉగ్రవాదం మీద తెలుగులో వచ్చిన నవలల్నీ, అనుభవాలు రాసుకున్న పుస్తకాల్నీ వరుసగా మళ్ళీ అచ్చు వేస్తున్నాను, మీదీ కావాలి అన్నాడు. నెలాఖరులోగా పూర్తి ప్రతి చేతికివ్వాలి. నా దగ్గర లేదు. ‘చదివి ఇచ్చేస్తానండీ’ అని పట్టుకెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో అన్నీ స్థిరపడిపోయాయి. మిగిలిన ఒక్కటీ పైకప్పు కారి ముద్దయిపోయింది. దొరక్కపోతే ఆ వరుసలో నా చోటు ఇంకొకరికి పోతుంది. దానికంటే నన్ను తినేసిన బెంగ వేరే ఉంది. నేనొక పుస్తకం రాశాననడానికి నా నోరు తప్ప సాక్ష్యం లేదు. అందుకే సంచీ సర్దుకుని రైలెక్కాను.

నారాయణగూడ

రైలు దిగి ఆటోలో కూర్చోగానే ప్రచురణకర్త ఫోన్. అతనికి కథ గుర్తు చేస్తూ, రోడ్డు మీద రొదకి కొంచెం గట్టిగానే, “బాంబు చివర్లో కాదండీ, ముందే పెట్టేశాను!” అన్నాను. ఆటో పక్కకు జరిగి ఆగింది. డ్రైవరు నడివయసు మనిషి. వెనక్కి తిరిగి నా జరీ అంచు చీరనీ, ఒళ్ళో ఉన్న పచ్చడి సీసానీ మార్చి మార్చి చూశాడు.

“అమ్మా, జర ఒక మాట. మీరు ఏం పని చేస్తరు?”

“రిటైరయ్యాను నాయనా. తెలుగు లెక్చరర్ని.”

“మరి బాంబు ఎక్కడ పెట్టిన్రు?”

“రెండో అధ్యాయంలో.”

అతను నవ్వడానికి కొంచెం టైం పట్టింది. నవ్వాక మాత్రం కథంతా చెప్పించుకున్నాడు. సరోజ దగ్గరకొచ్చేసరికి, “కొడుకు అమ్మను అడిగి చేసిండా? గామె తప్పేమున్నది?” అన్నాడు. నారాయణగూడ వంతెన దిగేటప్పుడు మళ్ళీ తనే, “గని బిడ్డ పోయినామె దగ్గరికి పోయి గా మాట ఎవరు చెప్తరమ్మా?” అన్నాడు. దిగుతుంటే పచ్చడి ఏమిటని అడిగాడు. గోంగూర అన్నాను. మంచిదన్నట్టు తలూపాడు. మా ఊరి ఆటోవాళ్ళు నన్ను పుట్టిన్నుంచీ ఎరుగుదురు గానీ నా నవల గురించి ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

పాత పుస్తకాల కొట్టు మెట్ల కింద ఉంది. ఓనరు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపితే అన్ని అరలూ అందుతాయి, అంత ఇరుకు. ఉగ్రవాదం మీద పుస్తకాలున్నాయా అని అడిగితే ఆయనకేమీ వింతగా తోచలేదు.

“ఉన్నయి మేడం. గని ఇప్పుడు ఉగ్రవాదం నడుస్తలేదు. మోటివేషన్ నడుస్తున్నది,” అంటూ డిటెక్టివ్ నవలలకీ జ్యోతిషానికీ మధ్య ఉన్న అర చూపించాడు. స్టూలు వేసి, టీ తెప్పించాడు. మా తెనాలిలో పుస్తకం కొన్నాక కూడా మంచినీళ్ళివ్వరు, ఇక్కడ కొనకముందే టీ వచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే గడిపాను, చాలా హాయిగా. ముందు నవలలు తిరగేశాను. అట్ట మీద తప్పకుండా ఒక తుపాకీ, ఒక నల్ల కళ్ళజోడు. లోపల ఎవరూ అన్నం తినరు, స్నానం చెయ్యరు, వాళ్ళకి కరెంటు బిల్లులు రావు. పరిగెత్తడమే పని. తర్వాత రిటైరైన అధికారుల జ్ఞాపకాలు. ప్రతి ఒక్కరూ తమ సలహా పైవాళ్ళు విని ఉంటే ఏ ఘోరమూ జరిగేది కాదని రాసుకున్నారు. పత్రికలవాళ్ళు రాసిన లావుపాటి పుస్తకాల్లో ఎవరు ఎవరితో ఏ ఫోన్లో మాట్లాడారో అంతా ఉంది. వాటి శ్రద్ధకి దణ్ణం పెట్టాలి. కాకపోతే చనిపోయినవాళ్ళు ఒక వాక్యంలో అంకెగా వచ్చి వెళ్ళిపోతారు.

అడుగున ఒక సన్నటి పుస్తకం దొరికింది. పేలుడులో వినికిడి పోగొట్టుకున్న ఒక గృహిణి తనే రాసి తనే అచ్చు వేయించుకుంది. అందులో దాడి రెండు పేజీలే. మిగతాదంతా తర్వాతి బతుకు. కుక్కరు కూతలు వినబడక మూత మీద చెయ్యి పెట్టి అదురుని లెక్కపెట్టుకోవడం, మనవడి మొదటి మాటని వాడి పెదాల మీద చూసి చదువుకోవడం. చదువుతూ నవ్వాను, తర్వాత కళ్ళు తుడుచుకున్నాను. దాన్ని కొన్నాను. నా నవల మాత్రం లేదు.

“గీ పేరు చూసినట్టే ఉన్నది,” అన్నాడు కొట్టాయన బుర్ర గోక్కుంటూ. “పరీక్షల పిల్లలు కట్టలు కట్టలు కొంటరు మేడం. దాంట్ల పోయిందేమో.” నేను దాన్ని ఓదార్పు మాట అనుకున్నాను.

గాంధీనగర్

నా మకాం మా అన్నయ్య గారింట్లో. అన్నయ్య ఊళ్ళో లేడు, వదినా నేనే. నేనావిడ్ని వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అంటుంది. చూసేవాళ్ళకి ఇద్దర్లో ఎవరు ఎవరికి వదినో తేలదు. మా వదిన పుట్టింటివాళ్ళు గుంటూరు నుంచి తాతల కాలంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ కూరలబండి దగ్గర “గట్ల కాదు, జర మంచిగ తూకమెయ్యి” అంటుంది, మెట్లెక్కి ఇంట్లోకి రాగానే “అబ్బ, ఈ వంకాయలేంటి వదినా ఇలా ఉన్నాయి” అంటుంది.

పెసరట్టు వేస్తూ నా యాత్ర సంగతి విని నీరుగారిపోయింది. “వదినా, నీకు పుణ్యముంటుంది. రోడ్డు మీద ఆ మాట అనకు. పుస్తకాలు అను చాలు. కావాలంటే భక్తి పుస్తకాలను.”

“భక్తి పుస్తకాలంటే భక్తివే ఇస్తారు కదా.”

“ఇస్తే ఇవ్వనీ. చదువుకుంటే మంచిదే.”

ఆ రాత్రి నేను తెచ్చిన సన్నటి పుస్తకం ఆవిడ తీసుకుంది. పొద్దున లేచేసరికి కాఫీ చల్లారిపోతున్నా చదువుతూనే ఉంది. “వదినా, ఈవిడ కుక్కరు సంగతి చూశావా!” అంది. భక్తి మాట మళ్ళీ ఎత్తలేదు.

చిక్కడపల్లి

మెట్రో వంతెన నీడలో నడిచి, పూలకొట్లు దాటి, ఒక టిఫిన్ సెంటర్లో నిలబడి ఇడ్లీ తిన్నాను. చట్నీ అంతా పల్లీలే. అల్లప్పచ్చడి అడిగితే వడ్డించేవాడు నన్ను ఎగాదిగా చూసి, “ఆంధ్రానా అమ్మా?” అని ఇంకో గరిటె పల్లీ చట్నీ పోశాడు. అలవాటు పడ్డాక బాగానే ఉంది.

గ్రంథాలయం ఆవరణలో అడుగు పెడితే తిరునాళ్ళలా జనం. అయితే చప్పుడు లేదు. చెట్ల కింద, గోడల వెంట, సైకిళ్ళ షెడ్డులో, ఎక్కడ నీడుంటే అక్కడ ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఒక పిల్లో పిల్లాడో, ఒళ్ళో అట్ట, అట్ట మీద పుస్తకం. పల్లెల నుంచి వచ్చి, హాస్టళ్ళలో కిరాయికుంటూ, సర్కారు కొలువు కోసం చదువుతున్నవాళ్ళు.

లోపల ఉద్యోగి కంప్యూటర్లో వెతికి, ఉందని తేల్చి, నన్ను అర దగ్గరకి తీసుకెళ్ళాడు. నా పుస్తకం ఉండాల్సిన చోట వంటల పుస్తకం ఉంది. “ఉండాలె మేడం. గని లేదు,” అని నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. బయటకొచ్చి నీరసంగా, ఖాళీగా కనిపించిన ఒక ఎర్ర కుర్చీలో కూలబడ్డాను. ఒక్కసారిగా చుట్టూ తలలన్నీ లేచాయి.

తర్వాత తెలిసింది. ఆ కుర్చీలు గ్రంథాలయానివి కావు. ఎవరిది వాళ్ళు కొనుక్కుని తెచ్చుకున్నవి. మనిషి టీకి వెళ్ళినా కుర్చీ మనిషికిందే లెక్క. మా వైపు బస్సులో తువ్వాలు వేస్తే సీటు మనదవుతుంది, ఇక్కడ తువ్వాలు కూడా అక్కర్లేదు. కాసేపటికి ఎర్ర కుర్చీ సొంతదారు వచ్చింది. బక్కపల్చటి అమ్మాయి, పేరు మౌనిక, మంచిర్యాల దగ్గర పల్లెటూరు. నేను గాభరాగా లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

“కూసోండ్రి మేడం. ఏం బుక్కు కోసం వచ్చిన్రు?”

వదిన సలహా గుర్తొచ్చింది గానీ అబద్ధం నోటికి రాలేదు. “ఉగ్రవాదం మీద.”

మౌనిక కళ్ళు వెలిగాయి. “అంతర్గత భద్రతా? మెయిన్స్‌కా? ఏ కోచింగ్ మీది?”

అరవై దాటినదాన్ని ఎవరైనా అలా అడిగితే ఎంత సంబరంగా ఉంటుందో చెప్పలేను. నవల కోసమమ్మా అని చెప్పి, ఇద్దరు తల్లుల కథ మొదలుపెట్టానో లేదో, ఆ అమ్మాయి నా చెయ్యి పట్టేసుకుంది.

“కమలమ్మా? సరోజా? నల్లా కాడ నీళ్ళ కొట్లాటా? మా రూముల ఉన్నది మేడం ఆ బుక్కు!”

అప్పటికి నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, రాసినావిడ ఎదురుగా ఉంటే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి. నిజం వినాలనిపించింది. “రేపు ఆదివారం హాస్టల్‌కు రాండ్రి. కాకపోతే బుక్కు మొత్తం లేదు,” అంది మౌనిక కొంచెం సిగ్గుగా. “కోసినం.”

అశోక్ నగర్

ఈ ‘కోసినం’ సంగతి చెప్పకపోతే అశోక్ నగర్ వెళ్ళొచ్చి ప్రయోజనం లేదు. లావుపాటి పుస్తకం ఒకళ్ళు కొనలేరు, కొన్నా ఒకేసారి అందరికీ చాలదు. అందుకని రూములో ముగ్గురుంటే మూడు ముక్కలుగా, నలుగురుంటే నాలుగుగా కోయించి, ఒక్కో ముక్కకీ స్పైరల్ బైండింగ్ వేయించి పంచుకుంటారు. ఒకరిది అయ్యాక ఇంకొకరితో మార్చుకుంటారు. ఆ వీధుల్లో జిరాక్స్ కొట్లలో కత్తెర మిషన్లు పొద్దస్తమానం ఆడుతూనే ఉంటాయి. చదువుతో ఇంత చనువు నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం.

హాస్టల్ రూములో మూడు మంచాలు, గోడ నిండా మ్యాపులు. మౌనిక వాళ్ళమ్మ చేసి పంపిన సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకి అంటించి కాలుస్తారట. మా తపేలా చెక్కకి అక్కగారిలా ఉంది, వదల్లేకపోయాను. రూమ్మేటు అనిత నల్గొండ పిల్ల, మాట కటువు.

నా నవల వీళ్ళ దగ్గరకెలా వచ్చిందంటే, పాత గైడ్ల కట్టలో వచ్చింది. అట్టా లేదు, రాసినవాళ్ళ పేరున్న పేజీ కూడా లేదు. మొదటి పేజీలో ‘ఉగ్రవాద నేపథ్యంలో’ అన్న మాట చూసి, సిలబస్ పుస్తకమనుకుని, ఒక్క పేజీ కూడా చదవకుండా తిన్నగా కోయించేశారు. మొదటి ముక్క మౌనికకి, నడిమి ముక్క అనితకి, ఆఖరిది లావణ్య అనే మూడో అమ్మాయికి.

“నాది నడిమిట్ల మొదలైతది కద మేడం,” అంది అనిత. “పేజీకో పది సార్లు ‘కమలమ్మ అన్నది, కమలమ్మ ఒప్పుకోలేదు’ అని ఉన్నది. కమలమ్మ అంటే ఏదన్న కమిటీకి చైర్‌పర్సన్ కావచ్చనుకున్న. సిఫార్సులని నోట్స్ కూడ రాసుకున్న.”

నేను సర్వపిండి చేతిలో పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. వాళ్ళూ నవ్వారు. తర్వాత ఇద్దరూ ముక్కలు మార్చుకుని చదివారట. పరీక్ష దగ్గర పడుతున్నా వదల్లేకపోయారట.

“మా బుక్కులల్ల ఉగ్రవాదమంటే నిర్వచనం, కారణాలు, నివారణ, ముందున్న దారి,” అంది మౌనిక. “దీంట్ల కూడ గవే వెతికిన. దొరకలే. కమలమ్మ దొరికింది. ఒక ఆన్సర్ల గామె ముచ్చట రాస్తే మా సారు ‘ఆధారమేంది’ అని కొట్టేసిండు.”

“నచ్చిందా మరి?” అన్నాను, గొంతు తేలిగ్గా పెట్టడానికి ప్రయత్నిస్తూ.

“మస్తు నచ్చింది. గని రాసినామెకు టైం సెన్స్ లేదు మేడం,” అంది అనిత. “వాన మీదనే ఎన్ని పేజీలు రాసిందో. మెయిన్స్‌ల గట్ల రాస్తే ఒక్క మార్కు పడదు.”

ఆ వాన పేజీలే నాకు ప్రాణం. సర్వపిండి ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాను.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఆఖరి ముక్క లేదు. లావణ్యకు కొలువు వచ్చి, సామాన్లతో పాటు అది కూడా జగిత్యాల వైపు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. ముగింపు వీళ్ళిద్దరూ చదవనే లేదు. సరోజ మొహం మీద మూసిన తలుపు కమలమ్మ మళ్ళీ తీస్తుందని మౌనిక, చచ్చినా తియ్యదని అనిత, అన్నం దగ్గర రోజూ వాదులాట. లావణ్యని అడిగితే ‘ఇంటికి పోయినప్పుడు చూస్త’ అంటుందట. నాకు మాత్రం నెలాఖరు కళ్ళ ముందు కనబడింది. మూడింట రెండు వంతుల నవలని ఎవరు అచ్చు వేస్తారు?

“ఇయ్యాల ఆదివారం. ఇంటి కాడనే ఉంటది,” అంటూ మౌనిక ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. లావణ్య ఎత్తింది. విషయం విని పకపకా నవ్వింది.

“ఆ ముక్క మా అమ్మ గుంజుకున్నదే. నాకు కూడ ఇస్తలేదు. బీడీలు చేసేటప్పుడు వాడకట్టోళ్ళను కూసోబెట్టి చదువుతది. ఇప్పటికి ఎన్నిసార్లు చదివిందో. ఆగు, అమ్మకిస్త.”

లావణ్య వాళ్ళమ్మ గొంతు ఖంగుమంటోంది. “ఎవలు? బుక్కు కావాల్నా? ముందు నాకు మొదటి కథ పంపుండ్రి. గామె తలుపు ఎందుకు పెట్టుకున్నదో తెల్వక తలకాయ పగిలిపోతున్నది.”

ఆవిడ దగ్గర ముగింపు ఉంది, మొదలు లేదు. మా దగ్గర మొదలుంది, ముగింపు లేదు. బేరం అక్కడికక్కడే కుదిరింది. ఉన్న రెండు ముక్కలూ జిరాక్స్ తీయించి ఆవిడకి పంపాలి. లావణ్య ఆఖరి ముక్క ప్రతి పేజీనీ ఫోటో తీసి పంపాలి. నా ప్రాణం కుదుటపడింది. లేచి గంతెయ్యాలనిపించింది గానీ మూడు మంచాల మధ్య చోటు లేదు.

“అమ్మా, జర చివరి పేజీ చదవరా? ఆగలేకపోతున్నం,” అని మౌనిక బతిమాలింది. ఆవిడ ఎవరినో నోర్ముయ్యమని గదిమి, గొంతు సవరించుకుని చదివింది. నా వాక్యాలు జగిత్యాల యాసలో వినబడ్డాయి. వానలో గుమ్మం ముందు నిలబడ్డ సరోజ, లోపల దీపం, గడియ చప్పుడు. ‘తలుపు తెరుచుకుంది.’ అంతటితో నవల అయిపోయింది.

మౌనిక దిండు ఎత్తి అనిత మీదకి విసిరింది. అనిత దాన్ని పట్టుకుని మొహం దాచుకుంది. ఓడిపోయినందుకో ఇంకెందుకో తెలియదు.

“ఇది రాసినామె ఎవలో గని, దొరికితె ఒక్క మాట అడగాలె,” అంది ఫోన్లో ఆవిడ.

ఇక ఆగలేకపోయాను. “నేనేనమ్మా రాసింది. అడగండి.”

అనిత దిండు పక్కన పెట్టి నావైపు చూసి, “అయ్యో, వాన!” అంది. అవతల ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు, నేను దొరకడమే న్యాయమన్నట్టు తిన్నగా అడిగేసింది.

“నువ్వేనా? మంచిగైంది. తలుపు తీసిందని రాసినవు, సరే. వానల నిలబడ్డ మనిషి, ఎప్పుడు తిన్నదో ఏమో. లోపలికి పిలిచి ఇంత అన్నం పెట్టిందా, లేదా? గది రాయనే రాయలేదు. ఇక్కడ రోజు కొట్లాడుతున్నం. పెట్టదు, తిట్టి పంపుతదని సగం మంది అంటున్నరు.”

ఇన్నేళ్ళలో ఆ నవల గురించి అడిగినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళూ బాంబు గురించి అడిగారు, కుర్రాడు ఏ ముఠాలో చేరాడని అడిగారు. తలుపు తెరుచుకున్నాక ఏమైందని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. అశోక్ నగర్ హాస్టల్లో ఆ ఇరుకు మంచం మీద కూర్చుని, చాలా కాలం తర్వాత కమలమ్మ ఇంట్లోకి తొంగి చూశాను.

“పెట్టిందమ్మా,” అన్నాను. “పొద్దుటి చారే, వేడి చేసి పెట్టింది. తను తినలేదు. కానీ సరోజ తిన్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది.”

ఫోన్లో ఆడవాళ్ళందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. చెప్పిన గదా, చెప్పిన గదా అని ఎవరిదో గొంతు అన్నిటికంటే పైకి లేచింది. ఆ గోలలోంచే లావణ్య వాళ్ళమ్మ నాకు వినబడేలా గట్టిగా అంది.

“మరి గది రాయి.”

తెనాలి రైల్లో కూర్చుని రాశాను.